కూర మాడిందని చెప్పుకునే చోటు

చెల్లెళ్లూ, ఈసారి ముచ్చట్లు ఒక ప్రశ్నతో మొదలుపెడుతున్నాను. నిన్న మీకు ఎదురైన అతి చిన్న చికాకు ఏమిటి? పెద్ద కష్టాలు పక్కన పెట్టండి, వాటి గురించి అడిగేవాళ్లు ఎలాగూ ఉంటారు. పనమ్మాయి చెప్పకుండా మానేయడం, పప్పు అడుగంటడం, క్యాబ్ అతను 'ఎక్కడికి మేడమ్' అని అడిగి మరీ క్యాన్సిల్ కొట్టడం, మీటింగులో మీరు మెల్లగా అన్న మాటనే పక్కతను గట్టిగా అని మెప్పు కొట్టేయడం. ఆ బాపతు. దాన్ని ఎవరికైనా చెప్పారా? చెప్పి ఉంటే సంతోషం. 'ఇంత చిన్నదానికి ఎవరికి చెబుతాంలే' అని మింగేసి ఉంటే మాత్రం ఈ ముచ్చట మీకోసమే.

ఆయనకు చెబితే 'ఇంకో పనమ్మాయిని చూసుకో' అని టీవీ వైపు తిరుగుతాడు. అమ్మకు చెబితే ఆ రాత్రి ఆవిడకు నిద్ర ఉండదు. అత్తగారికి చెబితే... సరే, అది వదిలేద్దాం. ఆఫీసులో చెబితే ఎదురుగా 'అయ్యో' అని, అప్రైజల్ రోజున గుర్తుపెట్టుకుని అడుగుతారు. ఇంక మిగిలిందెవరు? హైదరాబాద్‌లో మాదాపూర్ చుట్టుపక్కల ఉద్యోగం చేసుకునే మాలాంటి వాళ్లకు మిగిలింది ఫోన్లో ఉన్న కొద్దిమంది స్నేహితురాళ్ల గుంపు. అందులో కొందరిని నేను ఎదురుగా చూసింది చాలా ఆలస్యంగా. అయినా వాళ్ల ఇంటి గ్యాస్ ఎప్పుడు అయిపోతుందో నాకు తెలుసు.

మాదాపూర్ గురించి తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. 1998 నవంబరు 22న అప్పటి ప్రధాని వాజ్‌పేయి వచ్చి సైబర్ టవర్స్‌ను ప్రారంభించేనాటికి ఇక్కడ చాలా మేర బండరాళ్లు, తుప్పలే. ఇప్పుడు అయ్యప్ప సొసైటీలో ఏ సందు తిరిగినా లేడీస్ హాస్టల్ బోర్డు, దాని కింద కర్రీ పాయింట్, పక్కనే జిరాక్స్ షాపు. శ్రీకాకుళం, కరీంనగర్, నెల్లూరు, అనంతపురం, ఖమ్మం, ఎక్కడెక్కడి నుంచో వచ్చి పడ్డవాళ్లం. త్రీ షేరింగ్ గదిలో పక్క మంచం పిల్లది రాత్రి షిఫ్టు, మనది పగటి షిఫ్టు అయితే నెల మొత్తం మీద మాట్లాడుకునేవి మూడే సంగతులు: గీజర్ వేశావా, తాళం ఎక్కడ, చార్జర్ ఇస్తావా. పెళ్లయి ఫ్లాట్‌లోకి మారితే ఎదురింటివాళ్ల చెప్పులు తెలుస్తాయి, మనుషులు తెలియరు.

ఫోన్లో గుంపు కబుర్లు చూసి 'మన అమ్మమ్మల కాలం నాటి అరుగు ముచ్చట్లు మళ్లీ వచ్చాయి' అని మురిసిపోయేవాళ్లు ఉన్నారు. నాకు ఆ పోలిక ఎక్కదు. అరుగు మీద చేరిన నలుగురిలో ఒకరు మేనత్త, ఒకరు తోడికోడలి పిన్ని, ఇంకొకరు ఆడబిడ్డకు సంబంధం చూస్తున్నావిడ. పొద్దున అక్కడ అన్న మాట పొద్దుగూకేసరికి కాళ్లూ చేతులూ మొలిపించుకుని వంటింట్లోకి వచ్చేసేది. అందుకే మా అమ్మమ్మ అరుగు మీద ఊళ్లో అందరి గురించీ మాట్లాడింది గానీ, తన గురించి మాట్లాడిందా అంటే నాకు అనుమానమే. చుట్టరికం లేనివాళ్ల దగ్గర నోరు విప్పుకునే వీలు ఆవిడకు లేదు. మనకు ఉంది. ఈ కాలం మనకిచ్చిన మేలు అదే అనుకుంటాను నేను.

నిజానికి ఆ వీలును మనకు ముందుగా రుచి చూపించింది ఒక పత్రిక శీర్షిక. మాలతీ చందూర్ గారు 1950ల్లో, మద్రాసులో ఉంటూ, ఆంధ్రప్రభ వారపత్రికలో 'ప్రమదావనం' మొదలుపెట్టారు. నలభై ఏళ్లకు పైగా నడిపారు. ఎక్కడో పల్లెలో ఉన్న కోడలు పిల్ల ఇంట్లో ఎవరితోనూ అనలేనిది కాగితం మీద పెట్టి, ముఖం కూడా తెలియని ఆవిడకు పంపేది. వంటల దగ్గర్నుంచి చదువు, ఆరోగ్యం, కాపురం దాకా ఆవిడ జవాబు చెప్పేవారు. 2013 ఆగస్టులో ఆవిడ పోయినప్పుడు మా అమ్మ సొంత అక్క పోయినంత దిగులుపడింది. అమ్మ ఎప్పుడూ ఉత్తరం రాసింది లేదు. ఎవరో రాసిన ఉత్తరంలో తన కష్టం కనిపించేది, అంతే. ఒకటే చిక్కు: ఉత్తరం డబ్బాలో వేసి, అది చేరి, జవాబు అచ్చయి వచ్చేదాకా ఆగాలి. అన్ని వారాలు ఆగి అడగాలంటే అది అడగదగ్గ కష్టమే అయి ఉండాలి. కూర మాడిందని ఎవరు రాస్తారు?

తర్వాత తెలుగులో బ్లాగులు వచ్చినప్పుడు జ్యోతి వలబోజు వంటివాళ్లు 'ప్రమదావనం' పేరుతోనే మహిళా బ్లాగర్ల గుంపు కట్టుకున్నారు. ఆ పేరు మీద మనవాళ్లకు ఎంత మమకారమో చూడండి. ఇప్పుడిక వాట్సాప్ రోజులు. మాడిన వాసన వంటింట్లోంచి పోకముందే కబురు నలుగురికీ చేరిపోతోంది.

మా గుంపు సంగతి చెబుతాను. పేరు మాత్రం చెప్పను. బయట చెప్పకూడదని మా కట్టుబాటు. అది స్నేహం కోసం పుట్టలేదు, క్యాబ్ కోసం పుట్టింది. 2013 అక్టోబరులో హైటెక్ సిటీ దగ్గర కారెక్కిన ఒక సాఫ్ట్‌వేర్ అమ్మాయిని డ్రైవరు ఎత్తుకెళ్లిన 'అభయ' ఉదంతం మీకు గుర్తుండే ఉంటుంది. ఆ తర్వాత చాలా రోజులు చీకటిపడ్డాక ఒంటరిగా బండెక్కాలంటే గుండె గుబగుబలాడేది. మరుసటేడు, 2014 అక్టోబరు 24న, ఆడవాళ్ల రక్షణ కోసం పోలీసుల షీ టీమ్స్ వచ్చాయి. ఐటీ కారిడార్లో ఆడవాళ్ల కోసం షీ షటిల్ బస్సులు నడిచాయి. మేమూ మా బండి నంబర్లు ఒకరికొకరం పంపుకోవడం మొదలుపెట్టాం. నంబరు, 'ఎక్కాను', 'దిగాను'. ఇంకో ముక్క ఉండేది కాదు. కొన్నాళ్లకు ఒకమ్మాయి 'దిగాను. మెస్సులో మళ్లీ దొండకాయే' అని పెట్టింది. దాని కింద వరసగా నవ్వులు, తిట్లు, ఎవరి మెస్సు బాధ వాళ్లది. మా స్నేహానికి పుట్టినరోజు చెయ్యాల్సి వస్తే ఆ దొండకాయ రోజునే చెయ్యాలంటాను.

ఆ దొండకాయ ఎంత దూరం పనికొచ్చిందో 2020 మార్చిలో చూశాం. 22వ తేదీ ఆదివారం జనతా కర్ఫ్యూ, బాల్కనీల్లో చప్పట్లు. 24 రాత్రి కరోనా వల్ల దేశమంతా లాక్‌డౌన్ అన్నారు. తెల్లారితే ఉగాది. ఆ పండగ పూటే మాదాపూర్, అమీర్‌పేట, ఎస్సార్ నగర్ వైపు చాలా హాస్టళ్లలో ఖాళీ చేయమన్నారు. సరుకులు దొరకడం లేదని, వంటవాళ్లు ఉండటం లేదని యజమానుల గోడు. పిల్లలంతా బ్యాగులు భుజాన వేసుకుని, ఊరెళ్లడానికి పాసుల కోసం పోలీస్ స్టేషన్ల ముందు బారులు తీరారు. పాసు దొరికినవాళ్లు బండ్ల మీద, కార్లలో విజయవాడ రోడ్డు పట్టారు. తీరా జగ్గయ్యపేట దగ్గర గరికపాడు చెక్‌పోస్టులో ఆపేశారు. వందలమంది రోడ్డు మీదే నిలబడిపోయారు. ఈలోపు ఇక్కడ ప్రభుత్వం హాస్టళ్లు ఎవరినీ ఖాళీ చేయించకూడదని, ఇచ్చిన పాసులు చెల్లవని చెప్పింది. అప్పటికే గది తాళం ఇచ్చేసి బయటపడ్డవాళ్ల మాటేమిటి?

మా నెల్లూరు పిల్ల ఆ పాసుల క్యూలోంచే ఫొటో పెట్టింది. కింద రాసింది ఇంతే: 'ఉగాది పచ్చడి లేదు, తాళం లేదు'. ఆ పిల్ల భయపడితే జోకు వేస్తుందని మాకు తెలుసు. అయిదు నిమిషాల్లో కొండాపూర్‌లో ఉండే కరీంనగర్ చెల్లి వాయిస్ మెసేజ్ పెట్టింది: "ఏడికి పోతవే? బార్డర్ల ఆపుతున్నరట. సప్పుడు జేయక మా ఇంటికి రా. రెండు కిలోల బియ్యం ఉన్నయ్, మామిడికాయ తొక్కు ఉంది. గవి ఒడిసినంక ఆలోచన జేద్దాం." అప్పటికి వాళ్లిద్దరూ ఒకరినొకరు చూసుకున్నది లేదు. ఆ పిల్ల బ్యాగు వేసుకుని ఎండలో నడిచే వెళ్లింది. వేసవంతా అక్కడే ఉంది. తొక్కు ఒడిసింది, బియ్యం మళ్లీ మళ్లీ వచ్చాయి.

ముక్కూముఖం తెలియని పిల్లను ఎలా రమ్మన్నావే అని తర్వాత అడిగాను. "ముక్కూముఖం తెల్వకపోవుడు ఏంది అక్కా, దానికి దొండకాయ పడదు, సాంబార్ల మునక్కాడ వెయ్యకపోతే అలుగుతది, అన్నీ తెల్సు" అంది. ఇదే నేను చెప్పాలనుకున్నది. రోజూ చిన్న చిన్న గోడులు విన్న మనిషి మనకు పరాయి మనిషి కాలేదు. చిన్నవి చెప్పుకునే అలవాటు లేనిచోట పెద్ద ఆపద వచ్చినా నోరు పెగలదు. పెద్ద కష్టాన్ని నేరుగా తెచ్చి ఎవరి ముందూ పెట్టలేం చెల్లెళ్లూ. దానికి ముందు ఎన్నో మాడిన కూరలు దాటి రావాలి.

మా రోజువారీ ముచ్చట్లు వింటే మీకు నవ్వొస్తుంది. ఎండాకాలం నీళ్ల ట్యాంకర్ రాలేదని ఒకరు, వచ్చిన ట్యాంకర్ పక్క అపార్ట్‌మెంటుకు పోయిందని ఒకరు. వానాకాలమైతే ఐకియా దగ్గర ఎవరు ఇరుక్కున్నారు, మైండ్‌స్పేస్ దగ్గర ఎవరు ఇరుక్కున్నారు, ఆ లెక్కలే. 2023 జులై వానలప్పుడు ఐటీ ఉద్యోగులు విడతలవారీగా ఆఫీసుల నుంచి బయల్దేరాలని సైబరాబాద్ పోలీసులు చెప్పారు చూడండి, ఆ సాయంత్రం మా గుంపులో 'నాది మూడింటి విడత' 'నాది నాలుగున్నర విడత' అని సినిమా ఆటల్లా చెప్పుకున్నాం. అందరం కలిసే ఇరుక్కున్నాం, అది వేరే సంగతి. వాట్సాప్‌లో రాయడం కంటే వాయిస్ మెసేజ్‌లే మాకు ఎక్కువ. పొద్దంతా ఆఫీసులో ఇంగ్లిషు మాట్లాడి అలసిన నోళ్లు కదా, రాత్రయ్యేసరికి ఎవరి యాస వాళ్లకు తిరిగొస్తుంది. 'ఏటి బావుందా', 'ఏందక్కా గట్ల అంటివి', 'ఏంది మే నువ్వు' అన్నీ ఒకే చోట.

ఇందులో ఒక ముచ్చట మాత్రం కాస్త తీరిగ్గా చెప్పాలి. శ్రీకాకుళం పిల్లది అమెరికా వాళ్ల పని, రాత్రి షిఫ్టు. గుంటూరు చెల్లికి అప్పుడే కాన్పయింది. రాత్రి మూడింటికి చంటివాడు లేస్తాడు, ఆ చెల్లి గుంపులో 'ఎవరైనా మెలకువగా ఉన్నారా?' అని పెడుతుంది. 'నేనున్నాను, ఏటి సంగతి?' అని వెంటనే జవాబు. ఊరంతా నిద్రపోయే వేళ ఆఫీసు దీపాల కింద ఒకరు, ఊయల పక్కన ఒకరు. పొద్దున లేచి మేం ఆ వరస చదివేవాళ్లం: 'వాడు తేన్చాడు', దాని కింద 'బిల్డ్ ఫెయిలైపోయింది', దాని కింద 'మళ్లీ కక్కాడు', దాని కింద 'క్లయింటూ అంతే'. నవ్వుకుని ఆఫీసులకు పోయేవాళ్లం.

ఒక రాత్రి ఆ చెల్లి వేరేగా రాసింది. 'వాణ్ని చూస్తే నాకేమీ అనిపించడం లేదు. ఏడుస్తున్నా ఎత్తుకోబుద్ధి కావడం లేదు. నేను మనిషినేనా?' పొద్దున చూసి ఉంటే మాలో ఎవరో ఒకరు 'ఛ ఛ, తల్లివై ఉండి అలా అనకూడదమ్మా' అని రాసి ఉండేవాళ్లమేమో. అదృష్టం, అప్పుడు మేలుకుని ఉన్నది శ్రీకాకుళం పిల్ల. అది ఏమీ రాయలేదు, ఫోన్ చేసింది. ఒక చెవికి ఆఫీసు హెడ్‌సెట్, ఇంకో చెవికి ఫోను పెట్టుకుని తెల్లారేదాకా లైన్లోనే ఉంది. షిఫ్టు దిగి నిద్రకు పోకుండా నేరుగా వాళ్లింటికి వెళ్లి తలుపు కొట్టింది. పక్క గదిలో పడుకున్న భర్తకు అప్పటిదాకా ఏమీ తెలియదు పాపం. ముగ్గురూ కలిసి డాక్టరు దగ్గరికి వెళ్లారు. కాన్పు తర్వాత వచ్చే డిప్రెషన్ అన్నారు. మందులు, కౌన్సెలింగ్, రాత్రిపూట చంటివాణ్ని ఇంకొకరు చూసుకునే ఏర్పాటు. నెమ్మదిగా తేరుకుంది. మీకూ చెబుతున్నాను, కాన్పయిన మొదటి రోజుల్లో ఊరికే ఏడుపు రావడం, చిరాకు పడటం చాలామందికి ఉంటుంది. రెండు వారాల్లో తగ్గిపోవాలి. తగ్గకపోయినా, ముదురుతున్నా, గాలి సోకిందనో పొగరనో అనుకోకుండా డాక్టరుకు చూపించాలి. పాలిచ్చే తల్లులకు సరిపడే మందులు ఉన్నాయి.

ఆ మాట ఆ చెల్లి అమ్మతో ఎందుకు అనలేకపోయింది, భర్తతో ఎందుకు అనలేకపోయింది అని మీరు అడగొచ్చు. నేనూ అడిగాను. 'వాళ్లతో రోజూ మందులు, స్నానాలు, బారసాల గురించే మాట్లాడుతున్నా అక్కా. శ్రీకాకుళం దాంతోనైతే తేన్పుల గురించి మాట్లాడుతున్నా' అంది. చూశారా!

సెలవు ముగిసి ఆఫీసుకు వెళ్లాల్సి వచ్చినప్పుడు మళ్లీ గుంపే అక్కరకొచ్చింది. 2017లో ప్రసూతి చట్టం మారి మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాల జీతంతో కూడిన సెలవు వచ్చిందని అందరికీ తెలుసు. 50 మంది, అంతకుమించి పనిచేసే చోట పిల్లల కోసం క్రెష్ వసతి ఉండాలని, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసుకోవచ్చని కూడా ఆ చట్టంలోనే ఉంది. అది తెలిసింది మాలో ఒకరికే. ఆవిడ చెప్పాక అందరం ఎవరి హెచ్‌ఆర్‌ను వాళ్లు అడగడం మొదలుపెట్టాం.

సరే, కష్టాలు ఇన్ని చెప్పాను, సంతోషం మాటేమిటి? చెబితే నమ్మరు గానీ, గుంపులో కష్టం కంటే సంతోషం చెప్పుకోవడమే ఎక్కువ కష్టం. ఒకరు బెంచ్ మీద ఉంటారు, ప్రాజెక్టు రాకపోతే ఉద్యోగం పోతుందని బెంగ. ఇంకొకరికి ఐవీఎఫ్ మళ్లీ ఫలించలేదు. అలాంటప్పుడు 'నాకు ప్రమోషన్' అని ఎలా పెడతాం? మనవాళ్లకు దిష్టి భయం ఒకటి. చాలామంది మింగేస్తారు. నాకది సబబుగా తోచదు. అమెరికాలో షెల్లీ గేబుల్ అనే మనస్తత్వ పరిశోధకురాలు జంటల మీద చేసి, 2006లో ప్రచురించిన అధ్యయనం ఒకటుంది. కష్టంలో ఎలా ఓదార్చారన్న దానికంటే మంచి కబురు చెప్పినప్పుడు ఎలా స్పందించారన్న దాన్ని బట్టే వాళ్ల బంధం ఎంత బాగుందో ఎక్కువగా తెలిసిందట. 'ఓ, గుడ్' అని ముగించేయడం వేరు, 'ఎప్పుడు చెప్పారు? అప్పుడు నీ మొహం ఎలా ఉంది? ముందు ఎవరికి చెప్పావు?' అని కూర్చోబెట్టి అడగడం వేరు. మా అనంతపురం చెల్లి బెంచ్ మీద ఉన్న నెలల్లోనే ఇంకొకరి ప్రమోషన్‌కు ముందుగా 'పార్టీ ఎప్పుడు?' అని అరిచింది. లోపల కుళ్లు లేదా అంటే, 'ఎందుకు లేదక్కా, ఉంది. దాన్నీ గుంపులోనే చెప్పా కదా' అంది. నిజమే, చెప్పింది. పార్టీకీ వచ్చింది, బిర్యానీ రెండుసార్లు వడ్డించుకుంది.

గుంపు అంటే ఎంతమంది ఉండాలి? వాట్సాప్ ఒకప్పుడు 256 మంది దాకా రానిచ్చేది, 2022లో ఆ హద్దును 512కి, ఆ ఏడాదే 1024కి పెంచింది. అంతమంది ఉన్న అపార్ట్‌మెంటు గుంపులో లిఫ్టు చెడిపోయిందని చెప్పాలి, ట్యాంకర్ డబ్బుల లెక్క అడగాలి, అంతే. మనసు విప్పడానికి అది చోటు కాదు. రాబిన్ డన్‌బార్ అని బ్రిటన్ శాస్త్రవేత్త మనిషి స్నేహాలను లెక్కగట్టాడు. ఒక మనిషి నిలుపుకోగల పరిచయాలు సుమారు 150, అందులో దగ్గరివాళ్లు 15, కష్టానికి పరుగెత్తుకొచ్చేవాళ్లు అయిదుగురు అన్నాడు. నాకు అయిదుగురు కూడా ఎక్కువేననిపిస్తుంది ఒక్కోసారి. కొత్తవాళ్లను చేర్చమని అడిగితే మేం వెంటనే ఒప్పుకోం. మా గుంపులో ఒకావిడకు అది గీరగా అనిపించి వెళ్లిపోయింది కూడా. పోనీయండి.

గుంపుల్లో చెడు లేదనడం లేదు. స్క్రీన్‌షాట్ అన్నిటికంటే పెద్ద పాపం. నాకు తెలిసిన ఇంకో గుంపులో ఒకమ్మాయి అత్తగారి మీద విసుక్కున్న మాటలు ఫొటో తీసి ఎవరో ఆవిడ కొడుక్కే పంపారు. ఆ ఇల్లు కుదుటపడటానికి ఏడాది పట్టింది, ఆ గుంపు మాత్రం ఆ రోజే ముగిసింది. రెండోది, సలహాల వరద. మా కరీంనగర్ చెల్లి దీనికి మంచి మందు కనిపెట్టింది. ముందే 'సలహాలొద్దు, ఊకె చెప్తున్న' అని పెట్టి తర్వాత గోడు మొదలుపెడుతుంది. అప్పుడు మేం 'ఊఁ' కొడతాం. షుగర్‌కు కషాయాలు, ఇంట్లో కూర్చుని రోజుకు వేలు సంపాదించే లింకులు మా దగ్గర నిషేధం. లింకు నొక్కి డబ్బు పోగొట్టుకుంటే సిగ్గుపడి దాచకండి, వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఎంత తొందరగా చెబితే డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ.

గుంపులో తిట్టుకుని ఊరుకుంటే తీరని సంగతులూ ఉంటాయి. ఆఫీసులో ఒకడు పదే పదే వెకిలి మాటలంటున్నాడని మా ఖమ్మం చెల్లి రోజూ చిరాకు పడేది. మేమూ వాణ్ని నానా మాటలూ అనేవాళ్లం. వాడు చెయ్యి వేసేదాకా వచ్చాక ఫిర్యాదు ఇస్తానంది. పనిచేసే చోట లైంగిక వేధింపుల మీద వచ్చిన 2013 చట్టం ప్రకారం 10 మంది, ఆపైన పనిచేసే ప్రతి చోటా అంతర్గత కమిటీ ఉండాలి. జరిగిన మూడు నెలల్లోపు రాతపూర్వకంగా ఇవ్వాలి. ఎప్పుడు మొదలైంది, ఏ రోజు ఏమన్నాడు అని ఆ చెల్లి తల పట్టుకుంటే, మా గుంపులోకి వెళ్లి వెనక్కి తిప్పాం. అన్నీ అక్కడే ఉన్నాయి, తేదీలతో, టైములతో సహా. 'వీడి మొహం మండ, ఇవాళ ఇలా అన్నాడు' అని ఎప్పటికప్పుడు పెట్టిన చిన్న చిన్న చిరాకులే ఆమె రాసిన ఫిర్యాదుకు ఆధారమయ్యాయి. ఆ తర్వాతి సంగతి ఆమెది, నేను చెప్పకూడదు. ఇప్పుడు బాగానే ఉంది, అదే ఉద్యోగంలోనే ఉంది.

ఇక మీ వంతు. ఈ రాత్రి మీ గుంపు తెరిచి పైకి తిప్పి చూడండి. రోజూ ఏదో ఒకటి గొణిగే మనిషి కొన్నాళ్లుగా ఊరుకుందా? బర్త్‌డేలకు బొమ్మలు పెట్టి సరిపెడుతోందా? అందరి ముందూ 'ఏమైంది?' అని అడగకండి, 'ఏమీ లేదు' అంటుంది. విడిగా మెసేజ్ పెట్టి మీ ఇంట్లో జరిగిన ఏదో చెత్త సంగతి మీరే ముందు చెప్పండి. తను జవాబిస్తే వినండి. ఇవ్వకపోతే ఫోన్ చేయండి. ఇంకా భయమనిపిస్తే లొకేషన్ అడిగి వెళ్లండి, మెట్రో ఉంది, ఆటో ఉంది.

మీ ఇద్దరి వల్లా కానంత బరువని తోస్తే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 ఉంది. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టింది. పైసా ఖర్చు లేదు, రాత్రి మూడింటికైనా పలుకుతారు, తెలుగులో మాట్లాడొచ్చు. ఆ నంబరు ఇప్పుడే మీ గుంపులో పెట్టి, పైన పిన్ చేసి ఉంచండి.